పులిసిపోతున్న పాత రీళ్లు

1965లో అమెరికాలో ఒకదానితో ఒకదానికి సంబంధం లేని రెండు సంగతులు జరిగాయి. కోడాక్ కంపెనీ సూపర్ 8 అనే కొత్త రకం సినిమా ఫిల్మును బజారులోకి తెచ్చింది. ప్లాస్టిక్ డబ్బీని కెమెరాలో పెట్టి మీట నొక్కితే చాలు, ఎవరైనా సినిమా తీయొచ్చు. అదే ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశాడు. దేశాలవారీ కోటాల పద్ధతికి కాలం చెల్లింది, మన డాక్టర్లకు, ఇంజనీర్లకు అమెరికా దారి దొరికింది. ఆ దారిన వెళ్లిన తెలుగువాళ్లలో కొందరు నాలుగు డబ్బులు చేతిలో ఆడగానే ఒక సూపర్ 8 కెమెరా కొన్నారు. మొదటి మంచు, మొదటి కారు, పిల్లాడి మొదటి పుట్టినరోజు, రెండు మూడేళ్లకోసారి ఊరొచ్చినప్పుడు పెరట్లో నిలబడ్డ తాతయ్య, నాయనమ్మ... అన్నీ అరచేతిలో ఇమిడే రీళ్లలోకి చేరాయి.

ఆ తరానికి ఇప్పుడు డెబ్బైలు, ఎనభైలు. ఇల్లు ఖాళీ చేసే పిల్లలకు బేస్‌మెంటు అలమరాల్లో ఈ రీళ్లు బయటపడుతున్నాయి. కొన్ని ఇక్కడే, ఏ విజయవాడలోనో వరంగల్లులోనో అటకల మీద ఉండిపోయాయి. ప్రొజెక్టరు ఎప్పుడో మూలపడింది, బల్బు దొరకదు, బెల్టు సాగిపోయింది.

వీటిని డిజిటల్‌లోకి మార్పిద్దామనుకోగానే అందరూ మొదట అడిగేది ‘ఎంతవుతుంది?’ అని. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. రీలులో ఉన్నదాంట్లో ఎంత బయటికి వస్తుంది? మంచి స్కానింగుకూ నాసిరకం దానికీ మధ్య ధరలో ఉండే తేడా కన్నా పనిలో ఉండే తేడా చాలా పెద్దది. ఎందుకో తెలియాలంటే ఆ రీలు ఏమిటో, ఎలా పాడవుతుందో చూడాలి.

అసలూ అదే, నకలూ అదే

సినిమా హాళ్లలో ఆడింది 35 ఎం.ఎం. ఫిల్ము. అది ఇళ్లకు పనికొచ్చేది కాదు. ఖరీదెక్కువ, పైగా 1950ల మొదటిదాకా అది చాలావరకు నైట్రేటు ఫిల్ము. ఒకసారి అంటుకుంటే ఆర్పడం కష్టం. అందుకే 1923లో ఇంటి వాడకం కోసం 16 ఎం.ఎం. ఫిల్మును తెచ్చినప్పుడు కోడాక్ దాన్ని మొదటినుంచీ ఎసిటేటు మీదే తయారుచేసింది. ఎసిటేటు అంత సులువుగా మండదు. అంతకు ఏడాది ముందే ఫ్రాన్సులో పాథే కంపెనీ 9.5 ఎం.ఎం. తెచ్చింది. దాని రంధ్రాలు అంచుల వెంట కాకుండా ఫ్రేముకూ ఫ్రేముకూ నడుమ ఉంటాయి. ప్రొజెక్టరు పన్ను గురి తప్పితే చిరిగేది బొమ్మే.

1932లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఖర్చు ఇంకా తగ్గించడానికి 8 ఎం.ఎం. వచ్చింది. దాని ఉపాయం ముచ్చటైనది. 16 ఎం.ఎం. వెడల్పున్న 25 అడుగుల ఫిల్మును కెమెరాకు ఎక్కించి ముందు ఒక సగం మీద బొమ్మ తీస్తారు. అది చివరికొచ్చాక స్పూలును తిరగేసి పెడితే రెండో సగం మీద పడుతుంది. కడిగిన తర్వాత ల్యాబులో నిలువునా చీల్చి, రెండు పాయలనూ అతికి 50 అడుగుల రీలుగా ఇస్తారు. తిరగేసిన సంగతి మరచి మళ్లీ అదే సగం మీద తీసినవాళ్లూ ఉన్నారు. పెళ్లి మీద పిక్నిక్కు పడిన రీళ్లు అందుకే అప్పుడప్పుడూ కనిపిస్తుంటాయి.

సూపర్ 8 ఈ తిరగేసే బాధ తప్పించింది. ఫిల్ము వెడల్పు అదే 8 ఎం.ఎం., కానీ రంధ్రాలను చిన్నవి చేసి ఆ మిగిలిన చోటును బొమ్మకిచ్చారు. ఫ్రేము వైశాల్యం దాదాపు ఒకటిన్నర రెట్లయింది. అయినా దాని వెడల్పు 6 మిల్లీమీటర్లకు లోపే. 50 అడుగుల రీలులో 3,600 ఫ్రేములు పడతాయి. సెకనుకు 18 చొప్పున నడిస్తే 3 నిమిషాల 20 సెకన్లు, అంతే. అందుకే ఆనాటి హోమ్ మూవీల్లో ఏ దృశ్యమూ నాలుగైదు సెకన్లకు మించి నిలవదు. శబ్దమూ లేదు. ఫిల్ము అంచున అయస్కాంత పట్టీతో మాట వినిపించే సూపర్ 8 వచ్చింది 1973లో. అప్పటికి చాలామంది మూగ సినిమాకు అలవాటుపడిపోయారు.

వీటన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఇవి రివర్సల్ ఫిల్ములు. మామూలు ఫోటోలకు నెగటివ్ ఉండేది, ప్రింటు పోతే ఇంకోటి వేయించుకునేవాళ్లం. రివర్సల్ ఫిల్ముకు నెగటివ్ లేదు. కెమెరాలో వెలుగు తగిలిన ఫిల్మునే రసాయనాల్లో కడిగి, తిరగమరగ చేసి, నేరుగా పాజిటివ్ బొమ్మగా మారుస్తారు. మద్రాసు మెరీనాలో 1971లో కెమెరాలోకి దూరిన వెలుగు తాకింది ఏ ఫిల్మునో, తర్వాత గోడ మీద ఆడిందీ ఆ ఫిల్మే. రెండో కాపీ ఎక్కడా లేదు. ప్రొజెక్టరులో పడిన ప్రతి గీతా అసలు మీదే పడింది.

మొదటి ఫిర్యాదు మన దేశం నుంచే

పాత రీలు డబ్బా మూత తీయగానే ముక్కుకు పుల్లటి ఘాటు తగిలితే అది మామూలు ముక్క వాసన కాదు. ఫిల్ము కుళ్లడం మొదలైందన్నమాట.

ఎసిటేటు అంటే పత్తి, కలప గుజ్జుల్లో దొరికే సెల్యులోజుకు ఎసిటిక్ ఆమ్లపు అణుగుంపులను తగిలించి చేసిన ప్లాస్టిక్కు. వేడి, తేమ కలిసినచోట ఆ గుంపులు ఒక్కొక్కటే ఊడి మళ్లీ ఎసిటిక్ ఆమ్లంగా బయటికొస్తాయి. వెనిగర్‌కు ఆ పులుపు ఇచ్చేదీ ఈ ఆమ్లమే, కాబట్టి ఈ జబ్బుకు వెనిగర్ సిండ్రోమ్ అని పేరు పడింది. ఇందులో చిక్కేమిటంటే, ఊడిన ఆమ్లం ఊరుకోదు, మిగతా గుంపులు ఊడటాన్ని ఇంకా తొందర చేస్తుంది. మూత బిగించిన డబ్బాలో ఆవిరి బయటికి పోలేదు, ఆ రీలు మరింత త్వరగా పాడవుతుంది. పక్కన మంచి రీలుంటే దానికీ సెగ తగులుతుంది. ఏళ్ల తరబడి మెల్లగా సాగిన ఈ ప్రక్రియ ఒక స్థాయి దాటాక ఒక్కసారిగా ఊపందుకుంటుంది. ఫిల్ము కుంచించుకుపోతుంది, వంకర్లు తిరుగుతుంది, పెళుసెక్కుతుంది. పైన బొమ్మను మోస్తున్న జిలాటిన్ పొర మాత్రం అంతగా కుంచించుకోలేక ముడతలు పడి ఊడొస్తుంది.

ట్రైఎసిటేటు ఫిల్ము 1948లో వాడకంలోకి వచ్చింది. అది చెడిపోతోందని కోడాక్‌కు మొట్టమొదట ఫిర్యాదు చేసింది భారత ప్రభుత్వం. పదేళ్లు కూడా తిరగలేదు. వేడి, ఉక్క ఉన్న చోట దాచిన మన ఫిల్ములకే ఆ జబ్బు ముందుగా పట్టింది. అమెరికాలోని రోచెస్టర్‌లో ఉన్న ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ లెక్కల ప్రకారం 21 డిగ్రీల ఉష్ణోగ్రతలో, 50 శాతం తేమలో ఉంచిన కొత్త ఎసిటేటు ఫిల్ము పుల్లబడటం మొదలుకావడానికి సుమారు 40 ఏళ్లు పడుతుంది. మే నెలలో మన అటక మీద 21 డిగ్రీలు ఎక్కడివి? వేడి పెరిగేకొద్దీ ఆ గడువు వేగంగా తగ్గిపోతుంది.

అదే సంస్థ తయారుచేసిన ఏ-డి పట్టీలు ఈ జబ్బును ముక్కు కంటే కచ్చితంగా పట్టిస్తాయి. నీలం రంగు కాగితపు ముక్కను రీలుతో పాటు డబ్బాలో ఒక రోజు ఉంచితే, ఆమ్లం ఎంత ఉందో దాన్నిబట్టి అది ఆకుపచ్చకు, తర్వాత పసుపుకు తిరుగుతుంది. పది రీళ్లున్నప్పుడు ముందు దేన్ని స్కాన్ చేయించాలో దీంతో తేల్చుకోవచ్చు. శబ్దపు పట్టీ ఉన్న రీళ్లను విడిగా తీసి పెట్టుకోవడం మంచిది. ఆ పట్టీలోని ఇనుప ఆక్సైడు కుళ్లుడును ఇంకా ఎగదోస్తుంది.

ఒక్కసారి గోడమీద వేసి చూద్దామని పాత ప్రొజెక్టరు దులిపే సరదా చాలామందికి ఉంటుంది. దయచేసి ఆ పని వద్దు. ప్రొజెక్టరు పన్ను నిర్ణీత దూరంలో రంధ్రం ఉంటుందన్న లెక్కతో ఫిల్మును లాగుతుంది. నూటికి ఒక వంతు కుంచించుకున్నా ఆ లెక్క తప్పి రంధ్రాలు చిరుగుతాయి. బూజు పట్టిన ఫిల్మును తడిగుడ్డతో తుడవడం ఇంకా ప్రమాదం. బూజు తిన్న జిలాటిన్ నీళ్లలో కరుగుతుంది, గుడ్డకు అంటుకు వచ్చేది మురికి కాదు, బొమ్మ.

రంగుల సంగతి వేరే. 1935లో కోడాక్‌క్రోమ్‌ను కనిపెట్టిన ఇద్దరూ, లియోపోల్డ్ మాన్నిస్, లియోపోల్డ్ గొడౌస్కీ, వృత్తికి సంగీతకారులు. ఒకరిది పియానో, మరొకరిది వయొలిన్. వాళ్ల ఫిల్ములో రంగులు ముందుగా ఉండవు. కడిగేటప్పుడు ఒక్కో పొరకు ఒక్కో రంగు ఎక్కిస్తారు. కడగడం చాలా చిక్కు, కానీ చీకట్లో ఉంచితే ఆ రంగులు దశాబ్దాలపాటు చెక్కుచెదరవు. పసుపు డబ్బా మీద కోడాక్‌క్రోమ్ అని ఉంటే సగం అదృష్టం మీ వైపే. అదే కాలపు చాలా ఇతర రంగు ఫిల్ముల్లో నీలిఆకుపచ్చ రంగు ముందుగా వెలిసి, మనుషులూ చెట్లూ ఆకాశమూ అన్నీ గులాబీ రంగుకు తిరుగుతాయి. కడగకుండా మిగిలిపోయిన కోడాక్‌క్రోమ్ డబ్బీ దొరికితే మాత్రం దాన్ని రంగుల్లో చూసే దారి మూసుకుపోయింది. ప్రపంచంలో దాన్ని కడిగిన చివరి ల్యాబు, అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం పార్సన్స్ ఊళ్లోది, 2010 డిసెంబరు 30 తర్వాత కొత్త రోళ్లు తీసుకోలేదు. ఇప్పుడు నలుపు తెలుపుల్లో కడిగించుకోవచ్చు, అంతవరకే.

గోడ మీద బొమ్మ ఎందుకు మిణుకుతుంది

1980లు, 90ల్లో ఈ మార్పిడి పని ప్రొజెక్టరుతోనే జరిగేది. గోడ మీదో చిన్న తెర మీదో సినిమా వేసి, వీడియో కెమెరాతో తీసి, వీహెచ్‌ఎస్ క్యాసెట్‌కు ఎక్కించేవారు. ఇప్పుడూ కొందరు ఫోనుతో అదే చేస్తారు. ఫలితం అందరికీ తెలిసిందే: బొమ్మ చప్పున వెలిగి ఆరుతుంటుంది, మధ్యలో ఎక్కువ వెలుగు, మూలల్లో చీకటి. ఈ మిణుకు వెనక చక్కటి లెక్క ఉంది.

ఫ్రేము మారుతున్నంతసేపూ ప్రొజెక్టరు వెలుగును ఒక రెక్క అడ్డుకోవాలి, లేకపోతే బొమ్మ జారుతూ కనిపిస్తుంది. సెకనుకు 18 సార్లే వెలిగి ఆరితే కంటికి బాధ. అందుకని షట్టరుకు మూడు రెక్కలు పెట్టి ఒక్కో ఫ్రేమును మూడేసి సార్లు వెలిగిస్తారు. 18 మూళ్లు 54. కన్ను దాన్ని దాదాపు నిలకడ వెలుగుగానే చూస్తుంది, కెమెరా కన్ను కాదు. మన దేశంలో, యూరపులో వాడిన పాల్ వీడియో సెకనుకు 50 సార్లు బొమ్మను నమోదు చేస్తుంది. 54కీ 50కీ తేడా 4. ఆ నాలుగే సెకనుకు నాలుగుసార్లు బొమ్మ మసకబారి వెలగడంగా టీవీలో కనిపిస్తుంది.

తెలివైన టెక్నీషియన్లు దీనికి విరుగుడు కనిపెట్టారు. ప్రొజెక్టరు వేగాన్ని సెకనుకు 16⅔ ఫ్రేములకు తగ్గించారు. దాన్ని మూడుతో గుణిస్తే సరిగ్గా 50. మిణుకు మాయం. అమెరికాలో టీవీ లెక్క 60 కాబట్టి అక్కడ అదే ప్రొజెక్టరును 20కి పెంచారు. మూడు ఇరవైలు అరవై. అంటే ఒకే సూపర్ 8 రీలును అమెరికాలో క్యాసెట్ చేయిస్తే మనుషులు ఉండాల్సినదానికంటే 11 శాతం తొందరగా, హైదరాబాదులో చేయిస్తే 7 శాతం నిదానంగా నడుస్తారు. పాత క్యాసెట్లలో మన పెద్దవాళ్లు గబగబా పరుగెత్తుతున్నట్టు కనిపించడానికి ఒక కారణం ఇదే. వాళ్లు మామూలుగానే నడిచారు.

స్కానరుతో ఈ బాధ లేదు. అందులో సినిమా ఆడదు. ఒక్కో ఫ్రేమూ కటకం ముందుకు వస్తుంది, ఎల్‌ఈడీ దీపం ఒక్క క్షణం మెరుస్తుంది, కెమెరా ఫోటో తీస్తుంది. 3,600 ఫ్రేములుంటే 3,600 ఫోటోలు. తర్వాత వాటిని ఏ వేగంతో ఆడించాలన్నది మన ఇష్టం. పాత 8 ఎం.ఎం. అయితే 16, సూపర్ 8 అయితే 18. మంచి స్కానర్లలో ఫిల్మును లాగే పళ్లు అసలు ఉండవు. రబ్బరు చక్రాల మీద మెత్తగా జారుతుంది, రంధ్రం ఎక్కడుందో కెమెరానే చూసి ఫ్రేమును సరిచేసుకుంటుంది. కుంచించుకుపోయి ప్రొజెక్టరులో చిరిగే ఫిల్ము కూడా ఇందులో క్షేమంగా దాటుతుంది.

గీతలకు ఇంకో చిట్కా ఉంది. గరుకెక్కిన గాజును తడిపితే అవతలి బొమ్మ తేటగా కనిపిస్తుంది కదా, పెద్ద ల్యాబుల్లో అదే సూత్రంతో ఫిల్మును ఒక ద్రవంలో ముంచి స్కాన్ చేస్తారు. ఆ ద్రవం వెలుగును వంచే తీరూ ఎసిటేటు వంచే తీరూ దాదాపు ఒకటే కావడంతో, గీతలో ద్రవం నిండగానే వెలుగుకు అక్కడ గీత ఉన్నట్టే తెలియదు. బొమ్మ పొరను కోసేసిన లోతైన గీతలకు ఇది పనిచేయదు. ఆ ద్రవం విషం, ఇంట్లో చేసుకునే పని కాదు.

ఎన్ని చుక్కలు, ఎన్ని మెట్లు

‘4కె లో ఇస్తాం’ అనే ప్రకటన చూసి మురిసిపోయే ముందు ఒక చిన్న లెక్క. మంచి ఫిల్ము, మంచి లెన్సు కలిసి మిల్లీమీటరుకు 80 నుంచి 100 జతల గీతలను విడదీసి చూపగలవనుకుందాం. ఇంటి కెమెరాకు అది ఉదారమైన అంచనా. ఒక్కో జతకు రెండు చుక్కలు కావాలి. సూపర్ 8 ఫ్రేము వెడల్పు 5.8 మిల్లీమీటర్లు, కాబట్టి అడ్డంగా సుమారు 930 నుంచి 1,160 చుక్కలు. ఫిల్ము రేణువుల ఆకృతి కూడా సాఫీగా రావాలంటే దానికి రెట్టింపు తీసుకోవడం మేలు. అంటే 2కె సరిపోతుంది. 4కె తప్పు కాదు, డబ్బులు మిగిలితే చేయించుకోవచ్చు. నా మటుకు ఆ డబ్బును చుక్కల మీద కాక వెలుగునీడల మెట్ల మీద పెడతాను.

ఆ మెట్లంటే ఏమిటో చూద్దాం. 8 బిట్ల స్కానరు నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లు గుర్తిస్తుంది, 12 బిట్లది 4,096. బొమ్మ బాగున్నప్పుడు 256 చాలు. రంగు వెలిసిన రీలులో నీలిఆకుపచ్చ పొర అయిదో వంతే మిగిలిందనుకోండి. దాన్ని మళ్లీ పూర్తి రంగుకు సాగదీయాలంటే 8 బిట్లలో చేతిలో ఉన్నవి యాభై చిల్లర మెట్లే. సాగదీయగానే ఆకాశం పొరలు పొరలుగా విడిపోతుంది. 12 బిట్లలో అయితే ఎనిమిది వందల మెట్లుంటాయి, రంగు నున్నగా తిరిగొస్తుంది. మన వాళ్ల హోమ్ మూవీల్లో ఇంకో ఇబ్బందీ ఉంది. మధ్యాహ్నపు ఎండలో తెల్ల పంచె, పక్కన వేపచెట్టు నీడలో మొహం. రివర్సల్ ఫిల్ములో నీడ చాలా చిక్కగా ఉంటుంది. చవక యంత్రం ఆ మొహాన్ని నల్లటి ముద్దగా వదిలేస్తుంది. అదే ఫ్రేమును రెండు మూడు వెలుగుల్లో తీసి కలిపే స్కానరు ఆ మొహంలో కళ్లూ బొట్టూ చూపిస్తుంది.

ఇంట్లో పెట్టుకునే చిన్న స్కానర్లూ అమ్ముతున్నారు. సెకనుకు రెండు ఫ్రేముల చొప్పున లాగేవాటిలో 50 అడుగుల రీలుకు అరగంట పడుతుంది. రీళ్లు ఆరోగ్యంగా ఉండి, ఏముందో చూసుకోవడమే అవసరమైతే వాటితో పని జరుగుతుంది. అవి వెంటనే బొమ్మను గట్టిగా కుదించి ఎంపీ4 చేసేస్తాయి, తర్వాత రంగు సరిదిద్దడానికి వాటిలో సరుకుండదు. ఒకే ఒక్కసారి చేయించే పని అయినప్పుడు నేను వాటి జోలికి వెళ్లను.

స్కానరు చూసేది ప్రొజెక్టరు చూపినదానికంటే ఎక్కువే ఉండొచ్చు. దీనికి పేరుమోసిన ఉదాహరణ 1963 నవంబరు 22న డల్లాస్‌లో బట్టల వ్యాపారి ఏబ్రహాం జప్రూడర్ తీసిన 8 ఎం.ఎం. రీలు. అధ్యక్షుడు కెన్నెడీ హత్యను చూపే ఆ ముక్క 26 సెకన్ల చిల్లర, 486 ఫ్రేములు. కెమెరా బొమ్మను రంధ్రాల నడుమ ఉన్న జాగాలో కూడా నమోదు చేసింది, ప్రొజెక్టరు దాన్ని కప్పేస్తుంది. 1998లో ఒక్కో ఫ్రేమునూ విడిగా ఫోటో తీసి విడుదల చేసినప్పుడు ఆ అంచు బొమ్మ మామూలు జనానికీ కనిపించింది. మరుసటి ఏడాది ఆ ఫిల్ముకుగాను అమెరికా ప్రభుత్వం అతని వారసులకు కోటీ అరవై లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. కాబట్టి స్కాన్ చేసేవాళ్లతో ఫ్రేము అంచుల వరకూ, రంధ్రాలతో సహా తీయమని చెప్పండి. కత్తిరించడం ఎప్పుడైనా చేసుకోవచ్చు.

మరి ఏఐతో పాత బొమ్మలకు మెరుగులు దిద్దడం? నాకు దాని మీద పెద్ద మోజు లేదు. దుమ్ము తీయడం, ఊగుడు ఆపడం వేరు. అవి ఉన్నదాన్నే శుభ్రం చేస్తాయి. మసకగా ఉన్న మొహాన్ని పదును చేసే సాఫ్ట్‌వేర్ మాత్రం లేని వివరాన్ని ఊహించి గీస్తుంది. తాను చూసిన లక్షల మొహాలను బట్టి ఒక మొహాన్ని తయారుచేస్తుంది. ఆ మొహం మీ మేనత్తది కాదు, ఎవరిదీ కాదు. ఆమెను చూసినవాళ్లు వెళ్లిపోయాక తేడా చెప్పేవాళ్లుండరు. సరదాకు చేసుకుంటే చేసుకోండి గానీ, ముట్టుకోని అసలు స్కాన్ ఒకటి పక్కన ఉండి తీరాలి.

ఫైలూ చావుకు అతీతం కాదు

ఆ అసలు స్కాన్ ఏ రూపంలో అడగాలి? పెద్ద ఆర్కైవులు ఒక్కో ఫ్రేమునూ విడి బొమ్మగా డీపీఎక్స్‌లో దాస్తాయి. 2కె లో ఒక్కో బొమ్మ సుమారు 12.7 ఎంబీ, అంటే మూడు నిమిషాల రీలుకు 45 జీబీ. ఇంటికి అంత అక్కర్లేదు. ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అయితే అదే రీలు మూడు నాలుగు జీబీల్లో వస్తుంది, రంగు దిద్దుకోవడానికి వీలుంటుంది. బొమ్మలో ఒక్క చుక్కా పోకుండా కుదించే ఎఫ్‌ఎఫ్‌వి1 అనే పద్ధతీ ఉంది. ఎవరి సొత్తూ కాదు కాబట్టి యాభై ఏళ్ల తర్వాత కూడా తెరవగలమన్న ధీమాతో కొన్ని ఆర్కైవులు దాన్ని ఎంచుకున్నాయి. వాట్సాప్‌లో బంధువులకు పంపడానికి ఎంపీ4 విడిగా చేయించుకుంటే చాలు. షాపువాళ్లు ఎంపీ4 ఒక్కటే ఇస్తామంటే ఇంకో షాపు చూసుకోవడం ఉత్తమం.

ఇరవై ఏళ్ల కిందట ‘రీళ్లన్నీ డీవీడీ చేయించేశాం, ఇంక ఈ చెత్త ఎందుకు’ అని రీళ్లను పారేసిన కుటుంబాలున్నాయి. ఆ డీవీడీలో బొమ్మ 720 చుక్కల వెడల్పుది, కుదించింది. ఇప్పుడు కంప్యూటర్లకు డీవీడీ గూడే లేదు, బిళ్లలు కొన్ని చదవడం మానేశాయి. రీళ్లను అట్టేపెట్టినవాళ్లు ఇవాళ అంతకన్నా మేలైన స్కాను తీయించుకోగలుగుతున్నారు. ఫిల్ములో బొమ్మ బొమ్మగానే ఉంటుంది, వెలుగుకు ఎత్తి పట్టుకుంటే ఏ యంత్రమూ లేకుండా కంటికి కనిపిస్తుంది. గిట్‌హబ్ సంస్థ 2020లో తన దగ్గరున్న 21 టెరాబైట్ల సాఫ్ట్‌వేరును వందల ఏళ్లు నిలవాలని ఎక్కడ దాచిందో తెలుసా? నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని పాత బొగ్గు గనిలో, 186 ఫిల్ము రీళ్ల మీద. డిజిటల్ వాళ్లే దాచుకోవడానికి ఫిల్మును వెతుక్కుంటుంటే మనం ఉన్న ఫిల్మును చెత్తబుట్టలో వేయడం తెలివైన పని కాదు.

వీడియో క్యాసెట్ల సంగతి వేరు, అక్కడ ఆగే తీరిక లేదు. క్యాసెట్ మీది అయస్కాంత ముద్ర యంత్రం లేకుండా కనిపించదు, ఆ యంత్రాలను చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లోనే ఆపేసింది. మన ఇళ్లలో రీళ్లకంటే 1980, 90ల పెళ్లి క్యాసెట్లే ఎక్కువ. ఇంట్లో రెండూ ఉంటే ముందు క్యాసెట్లు చేయించండి, పులుపెక్కని రీలు కొంత ఓపిక పడుతుంది.

ఇదంతా ఒక్కో కుటుంబం సొంత గొడవేనా అంటే కాదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలోని దక్షిణాసియా అధ్యయన కేంద్రం బ్రిటిష్ కుటుంబాలు భారతదేశంలో తీసుకున్న హోమ్ మూవీలను దాచి, డిజిటల్ చేసి అందరికీ చూపిస్తోంది. వాటిలో కెమెరా దొరల చేతిలో ఉంది, మనవాళ్లు ఎక్కువగా వెనక నిలబడ్డ నౌకర్లు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం జపాన్ సంతతి పౌరులను నిర్బంధించిన టోపాజ్ శిబిరంలో డేవ్ టాట్సునో దొంగచాటుగా తెప్పించుకున్న 8 ఎం.ఎం. కెమెరాతో తీసిన రీళ్లు 1996లో ఆ దేశపు జాతీయ చలనచిత్ర జాబితాకెక్కాయి. ఖైదులో ఉన్నవాళ్లే తీసుకున్న బొమ్మలు కాబట్టే వాటికి ఆ విలువ. మన వలస కుటుంబాల సూపర్ 8 రీళ్లూ అలాంటివే: కెమెరా మన చేతిలో ఉన్నప్పుడు తీసినవి. 2008లో మొదలైన సాడా అనే దక్షిణాసియా అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ అలాంటి రీళ్లను పోగుచేస్తోంది. తెలుగు సంఘాలు ఏటా మహాసభల మీద పెట్టే ఖర్చులో పిసరంత తీసి ఒక స్కానరు కొంటే, ఒక తరం జీవితం పదిలమవుతుంది.

స్కాన్ వచ్చాక బొమ్మలో ఉన్నవాళ్ల పేర్లు చెప్పగల పెద్దవాళ్లను కూర్చోబెట్టి, సినిమా ఆడిస్తూ వాళ్ల మాటలు ఫోనులో రికార్డు చేయండి. ఈ సినిమాలు చాలావరకు మూగవి కాబట్టి, ఎవరెవరో చెప్పే ఒక్క ఆధారం అదే. ఫైళ్లు మూడు చోట్ల దాచండి, అందులో ఒకటి వేరే ఊళ్లో. రీళ్లను గాలి ఆడే డబ్బాల్లో, ఇంట్లో చల్లగా పొడిగా ఉండే గదిలో, పుల్లటి వాసన వచ్చేవాటిని మిగతావాటికి దూరంగా పెట్టండి. స్కానింగు వచ్చే ఏడాది చేయించుకున్నా ఫర్వాలేదు గానీ, రీళ్లను మాత్రం ఈసారి ఎండలు ముదరకముందే అటక మీద నుంచి దించండి.